బడి గాలి, బడి నీళ్లు, బడి తలుపు గడియ

పిల్లల్ని బడికి పంపి తీరాలని చట్టం చేసిన ప్రతి ప్రభుత్వమూ ఆ క్షణంలోనే ఇంకో బరువు కూడా నెత్తికెత్తుకుంది. ఆ పిల్లలు రోజుకు ఐదారు గంటలు పీల్చే గాలి, తాగే నీళ్లు, కూర్చునే బల్ల, వెళ్లే మరుగుదొడ్డి, వీటిలో ఏదీ ఇక తల్లిదండ్రుల చేతిలో ఉండదు. పిలిచింది బడి కాబట్టి జవాబు చెప్పాల్సిందీ బడే. ఈ చిన్న విషయం ఒప్పుకోవడానికి ప్రపంచానికి వందేళ్లకు పైగా పట్టింది. పూర్తిగా ఒప్పుకున్నామని ఇప్పటికీ నేననుకోను.

నేను సైన్సు టీచర్ని. పాఠాలతో పాటు బడిలో ఆరోగ్యం, శుభ్రత చూసుకునే పని కూడా చాలా కాలంగా నాదే. ఎవరికి కడుపునొప్పి వచ్చినా, ఎవరి తలలో పేలు కనిపించినా నా దగ్గరికే పంపుతారు. ఆ పని చేస్తూ చేస్తూ, అసలు ఈ ఏర్పాట్లన్నీ ఎక్కడ మొదలయ్యాయి, ఎవరు కొట్లాడి తెచ్చారు అని చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒకటి గట్టిగా అనిపించింది. బడి శుభ్రత చరిత్రలో రెండు దారులున్నాయి. ఒకటి, జబ్బు పిల్లల్ని బడి బయట ఉంచడం. రెండోది, జబ్బు నయం చేసి పిల్లల్ని మళ్లీ బడిలో కూర్చోబెట్టడం. మొదటిది తేలిక, పైగా చూసేవాళ్లకు శుభ్రంగా కనిపిస్తుంది. రెండోది చేసినవాళ్ల పేర్లు మాత్రం మనలో ఎక్కువ మందికి తెలియవు.

ముందు గాలి సంగతి చెబుతాను. నాకు బాగా అనుభవమైనది అదే.

మా తరగతి గది గోడకు ఒక చిన్న మీటరు పెట్టాం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో అంకెల్లో చూపిస్తుంది. పొద్దున్నే ఖాళీ గది తలుపు తీస్తే, బయటి గాలిలో ఉన్నట్టే పది లక్షల పాళ్లలో 420, 430 దగ్గర ఉంటుంది. పిల్లలొచ్చి కూర్చుని, తలుపులూ కిటికీలూ వేసేస్తే, మొదటి పీరియడ్ అయ్యేలోపే 2,000 దాటిపోతుంది. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 4 శాతం, అంటే పది లక్షలకు 40,000 పాళ్లు. ఈ లెక్కన మీటరు 2,000 చూపించే గదిలో, పీల్చే ప్రతి పాతిక ఊపిరుల్లో దాదాపు ఒకటి అప్పటికే ఇంకొకరి ఊపిరితిత్తుల్లో తిరిగి వచ్చినదే. ఇది బోర్డు మీద లెక్క కట్టి చూపించిన రోజు, వెనక బెంచీ పిల్లలు నేను చెప్పకుండానే లేచి కిటికీలు తీశారు. ఆ రోజు నుంచి మీటరు చూసే పని వాళ్లదే. 1,000 దాటితే ఎవరో ఒకరు లేస్తారు, పాఠం ఎక్కడున్నా నేను ఆపను, వాళ్లూ ఆగరు.

ఈ 1,000 అనే అంకె కొత్తది కాదు. మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త 1858లో చెప్పిన హద్దు అది. వెయ్యికి ఒక పాలు మించితే ఆ గది గాలి మనుషులు ఉండటానికి తగదన్నాడు. ఆయన దగ్గర మీటరు లేదు. గాజు సీసాలో గది గాలి పట్టి, అందులో బేరియం హైడ్రాక్సైడ్ నీళ్లు పోసి కలిపేవాడు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దానితో కలిసి తెల్లటి మడ్డిగా అడుక్కి దిగుతుంది. మిగిలిన నీళ్లలో క్షారం ఎంత తగ్గిందో కొలిస్తే గాలి లెక్క తేలుతుంది. ఇంటర్ చదివే పిల్లలు ప్రయోగశాలలో చెయ్యగలిగిన పనే. ఆయన గొప్పతనం కొలతలో కన్నా ఆలోచనలో ఉంది. ఆ మోతాదులో కార్బన్ డయాక్సైడ్ విషమని ఆయన అనలేదు. మనుషుల నుంచి గాలిలోకి చేరే మిగతా మలినాలను కొలవడం కష్టం, ఇది కొలవడం సులువు, కాబట్టి దీన్ని గుర్తుగా పెట్టుకుందాం అన్నాడు. అదే పెటెన్‌కోఫర్ కలరా విషయంలో క్రిమి ఒక్కటే చాలదని మొండిగా వాదించి, 1892లో కలరా క్రిములున్న ద్రవాన్ని తానే తాగాడు. ఆ వాదం నిలవలేదు. గాలి లెక్క మాత్రం ఇప్పటికీ మా గోడ మీద ఉంది.

ఆ తర్వాత జరిగింది చదివితే నాకు కోపమొస్తుంది. 1890ల నాటికి అమెరికా ఇంజినీర్లు తరగతి గదిలో ఒక్కో మనిషికి నిమిషానికి 30 ఘనపుటడుగుల బయటి గాలి అందాలని లెక్క కట్టారు. కొన్ని రాష్ట్రాలు బడి భవనాలకు దాన్ని చట్టం కూడా చేశాయి. పెద్ద పెద్ద ఫ్యాన్లు, గోడల్లో గాలి గొట్టాలు పెట్టి బడులు కట్టారు. తర్వాత 1913 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో ప్రజారోగ్య నిపుణుడు విన్‌స్లో నాయకత్వాన ఒక కమిషన్ కూర్చుని పదేళ్ల పాటు పరిశీలించి, గదిలో ఉక్కపోత, వేడిమే పెద్ద సమస్య, యంత్రాల కన్నా కిటికీలతోనే చాలాచోట్ల పని జరుగుతుందని తేల్చింది. అందులో నిజముంది. కానీ ఆ 30 మెల్లగా జారడం మొదలుపెట్టింది. 1946 నాటి ప్రమాణంలో 10 అయింది. 1973లో చమురు సంక్షోభం వచ్చాక, బయటి చల్లగాలిని వేడి చెయ్యడానికి ఇంధనం దండగని, 1981లో దాన్ని 5కి దించారు. భవనాలు బిగుసుకుపోయాయి, లోపలున్నవాళ్లకు తలనొప్పులు, కళ్ల మంటలు వస్తున్నాయన్న ఫిర్యాదులు పెరిగాయి. 1989లో మళ్లీ 15కి పెంచారు. పిల్లల ఊపిరి ఆ వందేళ్లలో ఏమీ మారలేదు. మారింది ఇంధనం ఖర్చు. కరోనా వచ్చి బడులు మూతపడి, మళ్లీ తెరిచే వేళకు అందరూ కార్బన్ డయాక్సైడ్ మీటర్ల గురించి కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే, నాకు మ్యూనిక్ గాజు సీసాలే గుర్తొచ్చాయి.

కళ్ల కథ ఇంకో రకం. అక్కడ ఒక మనిషి వేలమంది పిల్లల ముందు ఓపిగ్గా కూర్చున్నాడు. అప్పటి ప్రష్యాలోని బ్రెస్లావ్ నగరంలో హెర్మన్ కోన్ అనే కంటి డాక్టరు 10,060 మంది పిల్లల చూపు పరీక్షించి, 1867లో ఫలితాలు ప్రచురించాడు. పల్లె బడుల్లో హ్రస్వదృష్టి ఉన్నవాళ్లు 1.4 శాతం. నగరంలోని ప్రాథమిక బడుల్లో 6.7. పై చదువుల రియల్‌షూలెల్లో 19.7. లాటిన్, గ్రీకు చదివే జిమ్నేజియం అనే పై బడుల్లో 26.2. చదువు పెరిగినకొద్దీ దూరపు చూపు తగ్గుతోందని ఇంత స్పష్టంగా అంకెల్లో చూపించినవాళ్లు అంతకు ముందు లేరు. తప్పు మసక వెలుతురుదీ, పిల్లల ఎత్తుకు పొంతన లేని బల్లలదీ అని కోన్ గట్టిగా నమ్మాడు. కిటికీ గాజు విస్తీర్ణం నేల విస్తీర్ణంలో కనీసం ఐదో వంతు ఉండాలన్నాడు. అప్పట్లోనే జూరిక్‌లో ఫార్నర్ అనే డాక్టరు, బల్లకూ పిల్లవాడి కూర్చునే పద్ధతికీ సంబంధం ఏమిటో కొలతలు తీశాడు. రాసేటప్పుడు బెంచీ అంచు బల్ల అంచు కిందికి కాస్త జరిగి ఉండాలి, లేకపోతే పిల్లవాడు ముందుకు వాలి, వీపు వంగి, ముక్కు పుస్తకానికి ఆనుతుందన్నాడు. మీ ఇంట్లో పిల్లలు రాసుకునేటప్పుడు ఒకసారి పక్క నుంచి గమనించండి, ఫార్నర్ చెప్పిన వంపు కనిపిస్తుంది. వెలుతురు ఎడమ వైపు నుంచి పడాలన్న నియమం కూడా ఆ తరం నుంచే బడుల్లో పాతుకుంది. కుడిచేత్తో రాసేవాళ్లకు చేతి నీడ కాగితం మీద పడకూడదని. ఎడమచేతి వాటం పిల్లల సంగతి ఆ గదులు గీసినవాళ్లు పట్టించుకోలేదు.

కోన్ చెప్పిన కారణంలో కొంతే నిజమని ఇప్పుడు తెలుస్తోంది. 2008లో సిడ్నీ పిల్లల మీద వచ్చిన అధ్యయనం, ఆరుబయట ఎక్కువ గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి తక్కువని చూపించింది. చైనాలో గ్వాంగ్‌జౌలో కొన్ని బడులు రోజుకు 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ అదనంగా పెట్టి మూడేళ్లు చూశాయి. 2015లో ఫలితం వచ్చింది. ఆ బడుల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. అంటే ఈ సంగతికి ఆనవాలు కోన్ కాగితాల్లోనే ఉంది, పల్లె పిల్లల్లో 1.4 శాతమే, వాళ్లు పొద్దస్తమానం బయట తిరిగేవాళ్లే. ఆటల పీరియడ్‌ని లెక్కల పరీక్షకో, మిగిలిపోయిన సిలబస్‌కో ఇచ్చెయ్యమని ఎవరైనా నన్నడిగితే ఈ రెండు అంకెలూ చెప్పి కాదంటాను.

నీళ్ల గ్లాసు గురించి క్లుప్తంగా. ఒకప్పుడు బడిలో నీళ్ల కుండ లేదా బకెట్ పక్కన ఒకే లోటా, అందరూ దానితోనే తాగడం చాలా దేశాల్లో మామూలు. అమెరికాలో శామ్యూల్ క్రంబైన్ అనే డాక్టరు కాన్సస్ రాష్ట్ర ఆరోగ్యాధికారి. రైల్లో క్షయ రోగులు తాగిన గ్లాసుతోనే వెంటనే ఒక చిన్నపిల్ల నీళ్లు తాగడం ఆయన కళ్లారా చూశాడు. 1909లో రైళ్లలో, బడుల్లో ఉమ్మడి గ్లాసును కాన్సస్ నిషేధించింది. మిగతా రాష్ట్రాలు వరసగా అదే దారి పట్టాయి. కాగితం కప్పులకు, నోటితో నేరుగా తాగే చిమ్మన గొట్టాలకు గిరాకీ వచ్చింది అందువల్లే. మొదటి చిమ్మన గొట్టాల్లో నీళ్లు నిటారుగా పైకి లేచి, తాగినవాళ్ల పెదాల మీద నుంచి మళ్లీ గొట్టం మీదే పడేవి. అవీ క్రిములను మోస్తున్నాయని తేలాక ధారను ఏటవాలుగా మార్చారు. పలక కూడా అంతే. ఉమ్మి వేసి చేత్తో తుడవడం, ఒకరి బలపం ఇంకొకరు నోట్లో పెట్టుకోవడం వద్దని డాక్టర్లు మొత్తుకున్నారు.

ఇక అసలు చెప్పాలనుకున్న చోటికి వచ్చాను.

1894లో బోస్టన్ నగరంలో కంఠసర్పి (డిఫ్తీరియా) పిల్లల్ని బలి తీసుకుంటుంటే, అక్కడి ఆరోగ్యాధికారి శామ్యూల్ డర్గిన్ బడులను 50 ప్రాంతాలుగా విడదీసి, ఒక్కోదానికి ఒక డాక్టర్ని పెట్టాడు. టీచర్లు అనుమానమొచ్చిన పిల్లల్ని పక్కన కూర్చోబెడితే, డాక్టరు వచ్చి చూసి, అంటురోగమైతే ఇంటికి పంపేవాడు. న్యూయార్క్ 1897లో అదే పని మొదలుపెట్టింది. ఆ రోజుల్లో కంఠసర్పి ఎంత భయంకరమో చదివితే, ఇంటికి పంపడాన్ని తప్పుపట్టలేం. కానీ న్యూయార్క్‌లో తనిఖీ గట్టిపడేకొద్దీ చంపే జబ్బులతో పాటు పేలు, గజ్జి, తామర, కళ్లకు ట్రకోమా అనే అంటురోగం ఉన్నా ఇంటికే. పిల్లవాడి చేతికో చీటీ ఇచ్చేవాళ్లు. అది చదవడం రాని తల్లి, చదివినా డాక్టరుకు ఇచ్చుకోలేని తల్లి, దాన్ని ఏం చేసుకుంటుంది? పిల్లవాడు వారాల తరబడి వీధిలోనే ఉండేవాడు. సాయంత్రం బడి వదిలాక అదే తరగతి పిల్లలతో అదే వీధిలో ఆడుకునేవాడు. అంటు ఆగలేదు, చదువు మాత్రం ఆగింది.

లిలియన్ వాల్డ్ అనే నర్సు న్యూయార్క్ పేదవాడలో హెన్రీ స్ట్రీట్‌లో ఒక ఇల్లు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి వైద్యం చేసేది. అక్కడ ఆమెకు లూయీ అనే పన్నెండేళ్ల పిల్లవాడు తగిలాడు. తల మీద పుండ్లున్నాయని ఏ బడీ చేర్చుకోవడం లేదని వాళ్లమ్మ ఏడ్చింది. వాల్డ్ పైపూత మందు తెప్పించి, ఎలా రాయాలో ఆ తల్లికి నేర్పించింది. పుండ్లు మానాయి, పిల్లవాడు బడిలో చేరాడు. అంతే కథ. అంత చిన్న మందుకు ఆ పిల్లవాడి చదువు అన్నేళ్లు ఆగిపోయిందన్న సంగతిని వాల్డ్ మరిచిపోలేదు.

1902లో ఆమె నగర అధికారులకు ఒక మాట చెప్పింది. ఒక్క నెల ఒక నర్సును మీ బడుల్లో ఉంచుతాను, ఫలితం మీరే చూడండి అంది. అలా అక్టోబరులో లీనా రోజర్స్ అనే కెనడా నర్సు నాలుగు బడుల్లో పనిలోకి దిగింది. నాలుగు బడుల్లో కలిపి పిల్లలు సుమారు పదివేలమంది. ఆమె చేసిన పనిలో అద్భుతమేమీ లేదు. పేలకూ గజ్జికీ బడిలోనే మందు పెట్టేది. చిన్న గాయాలు కడిగి కట్టు కట్టేది. సాయంత్రం ఇళ్లకు వెళ్లి, తల్లుల పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో చేసి చూపించేది. చీటీ ఇచ్చి పంపే బదులు తనే నడిచి వెళ్లింది, తేడా అంతా అక్కడే ఉంది. నెల తిరిగేసరికి నగరం ఆమెను జీతం మీద తీసుకుంది, ఇంకొందరు నర్సులనూ నియమించింది. 1902 సెప్టెంబరులో న్యూయార్క్ బడుల నుంచి జబ్బు కారణంగా ఇంటికి పంపిన పిల్లలు 10,567. ఏడాది తర్వాత సెప్టెంబరులో 1,101.

ఈ రెండు అంకెల్నీ నేను నా డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను. తలలో పేలున్నాయని ఒక పిల్లను అందరి ముందూ లేపి, వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టడం నేను ఒక బడిలో చూశాను. ఆ పిల్ల జడ రెండు చేతులతో పట్టుకుని, తల వంచుకుని, బల్ల మీద గీతలు లెక్కపెడుతున్నట్టు కూర్చుంది. మర్నాటి నుంచి రాలేదు. వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ నన్ను చూడగానే, "శుభ్రంగానే పెంచుతానమ్మా మా పిల్లని" అంది, నేనింకా ఏమీ అడగకముందే. గుమ్మంలో కూర్చుని, తడి జుట్టును పాయలు పాయలుగా విడదీసి, సన్న పళ్ల దువ్వెనతో మాడు నుంచి చివరిదాకా దువ్వి, ప్రతిసారీ తెల్లగుడ్డ మీద తుడిచి చూపించాను. ఈపి పొదగడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి ఒక్కసారి దువ్వితే చాలదు, రెండు మూడు రోజులకోసారి చొప్పున రెండు వారాలు చెయ్యాలి. పేలు మురికిని చూసి రావు, తలకు తల తగిలితే వస్తాయి, రోజూ తలంటుకునేవాళ్లకూ వస్తాయి. ఆ మాట విన్నాక ఆ తల్లి ముఖం తేటపడింది. పిల్ల తిరిగి బడికొచ్చింది. అప్పటి నుంచి తల చూడాల్సి వస్తే అందరికీ ఒకేసారి, ఒక్కొక్కరినీ విడిగా గదిలోకి పిలిచే చూస్తాను. పేరు బయటికి రాదు.

ఇంగ్లండు ఈ దారికి వేరే కారణంతో వచ్చింది. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరడానికొచ్చిన యువకుల్లో అంతమంది బలహీనులు ఉండటం చూసి పెద్దలకు భయం పట్టుకుంది. ఒక కమిటీ విచారించి 1904లో నివేదిక ఇచ్చింది. 1906లో బడిలో భోజనం పెట్టడానికి స్థానిక సంస్థలకు అనుమతిస్తూ, 1907లో పిల్లలకు వైద్య పరీక్షలు తప్పనిసరి చేస్తూ చట్టాలొచ్చాయి. సైనికులు కావాలి కాబట్టి పిల్లలు గుర్తొచ్చారన్నది నాకు మింగుడుపడదు. కానీ బ్రాడ్‌ఫర్డ్ ఊరు దేశం కన్నా ముందే కదిలింది. మార్గరెట్ మెక్‌మిలన్ లాంటివాళ్లు అక్కడి బడి బోర్డులో కూర్చుని పోట్లాడితే, 1897లోనే ఒక బడిలో స్నానాల గదులు కట్టారు. 1907లో ఆ ఊళ్లోనే ఒక పరీక్ష చేశారు. కొంతమంది పేద పిల్లలకు కొన్ని నెలలు బడిలో భోజనం పెట్టి, వారం వారం బరువు తూచారు. భోజనం అందని పిల్లలతో పోలిస్తే వీళ్లు బాగా బరువు పెరిగారు. మధ్యలో ఒక వారం సెలవులొచ్చాయి. ఆ వారంలో పిల్లల బరువు పడిపోయింది. సెలవుల గురించి ఇంతకన్నా దుఃఖం కలిగించే గ్రాఫు నేనెక్కడా చూడలేదు.

క్షయకు మందు లేని రోజుల్లో బడిని ఆరుబయటికే తీసుకెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు. 1904లో బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బర్గ్‌లో పైన్ చెట్ల అడవిలో ఒక బడి తెరిచారు. నలతగా ఉండే పిల్లలకు అక్కడే భోజనం, ఎండలో పాఠాలు, మధ్యాహ్నం పడుకోవడం. 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో చలికాలం నడిబొడ్డున కిటికీలు తీసిన గదిలో తరగతి మొదలుపెట్టారు. పిల్లలు సంచుల్లాంటి దుప్పట్లలో నడుము దాకా దూరి కూర్చుని చదువుకునేవాళ్లు. ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ డౌకర్ కట్టిన ఆరుబయటి బడి 1930లో పూర్తయింది, కాంక్రీటు, గాజు, ప్రతి అంతస్తుకూ ఒక విశాలమైన వరండా. యాంటీబయాటిక్స్ వచ్చాక ఈ బడుల అవసరం తీరిపోయిందనుకుని వదిలేశారు. మందు వచ్చింది సరే, వరండా చేసిన తప్పేమిటి?

అన్నిటికన్నా వెనకబడింది మరుగుదొడ్డి. దాని గురించి మాట్లాడటానికి పెద్దలకు సిగ్గు, అడగటానికి పిల్లలకు భయం. 1844లో న్యూయార్క్ రాష్ట్రంలో 9,368 బడి భవనాలు తనిఖీ చేస్తే, 6,000 పైచిలుకు బడుల్లో మరుగుదొడ్డే లేదు. ఉన్నవాటిలో ఆడపిల్లలకు, మగపిల్లలకు విడివిడిగా ఉన్నవి వెయ్యి మాత్రమే. ఇది ఎప్పటిదో అనుకుంటాం. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి బడుల మీద మొదటిసారి ప్రపంచవ్యాప్త లెక్క వేశాయి. 2016 నాటికి కనీస వసతులున్న మరుగుదొడ్లు 66 శాతం బడుల్లోనే ఉన్నాయి. నీళ్లూ సబ్బూ రెండూ ఉండి చేతులు కడుక్కోగలిగేది 53 శాతం బడుల్లో. అలా కడుక్కునే వీలు లేని పిల్లలు సుమారు 90 కోట్లు.

అయితే లెక్కలో "ఉంది" అని టిక్కు పడినచోట కూడా ఏముందో దగ్గరికెళ్లి చూడాలి. నేను పనిచేసిన ఒక బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం వేసి, చెవి స్టాఫ్ రూంలో మేకుకు తగిలించేవాళ్లు, పాడుచేస్తారని. ఎనిమిదో తరగతి పిల్ల మధ్యాహ్నానికల్లా తలనొప్పని నా దగ్గరికి వస్తుండేది. ఒకరోజు దాని సీసా చూశాను, పొద్దున నింపిన నీళ్లు మూత దాకా అలాగే ఉన్నాయి. ఎందుకు తాగలేదే అంటే, మెల్లగా, "తాగితే వెళ్లాల్సొస్తుంది టీచర్. సార్లందరి ముందూ చెవి అడగాలి. లోపల గడియ కూడా లేదు, ఒకరు బయట తలుపు పట్టుకోవాలి" అంది. తరగతిలో ఎంతమంది ఇలా చేస్తున్నారని అడిగితే చాలా చేతులు లేచాయి. నెలసరి రోజుల్లో బడి మానేస్తున్నవాళ్లెవరో నా హాజరు పట్టీ తిరగేసి చూస్తే అర్థమైంది. కాగితాల్లో ఆ బడికి మరుగుదొడ్డి ఉంది, నీళ్లున్నాయి, అన్ని గడుల్లోనూ టిక్కులున్నాయి.

గడియ బిగించడానికి వడ్రంగికి అరపూట పట్టింది. తాళం తీయించడానికి మాత్రం చాలా సమావేశాలు పట్టాయి. మూత ఉన్న బకెట్ లోపల పెట్టించాం. సబ్బు ఎత్తుకుపోతున్నారని గొడవొస్తే, నీళ్లలో సబ్బుపొడి కలిపి, మూతకు బెజ్జం పెట్టిన సీసాలో పోసి కుళాయికి కట్టేశాం. దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు.

తీరని పేచీ ఒకటే, కడిగేదెవరు అన్నది. పిల్లలతో కడిగించడం శ్రమ విలువ నేర్పడమని కొందరు టీచర్లు అంటారు. తరగతి ఊడ్చడం, బోర్డు తుడవడం వంతులవారీగా అందరూ చేస్తే నాకూ అభ్యంతరం లేదు. మరుగుదొడ్డి దగ్గరికొచ్చేసరికి ఆ వంతులు కొందరి మీదే పడతాయి, ఎవరి మీద పడతాయో టీచర్లందరికీ తెలుసు. భవనం కట్టడానికి డబ్బు ఒకసారి ఇస్తే సరిపోతుంది. చీపురు, సబ్బు, కడిగే మనిషి జీతం ప్రతి నెలా కావాలి, అందుకే ఆ పద్దు దగ్గరే అందరి చేతులూ ముడుచుకుంటాయి. లీనా రోజర్స్‌ని కూడా న్యూయార్క్ జీతం మీద పెట్టుకోబట్టే ఆ పని నిలిచింది. వచ్చే నెల మా యాజమాన్య కమిటీ సమావేశంలో నేను అడగబోయేది ఆ ఒక్క పద్దే. పాత ఖర్చుల పుస్తకం ముందు పెట్టుకుని లెక్క వేస్తున్నాను. మీ పిల్లల బడిలో ఆ పద్దు ఉందో లేదో, ఉంటే అది ఎవరి పేరు మీద ఖర్చవుతోందో కనుక్కుని కింద రాయండి, సమావేశానికి పట్టుకెళ్తాను.